ఖాళీ జాడీ

జాడీని త్రినాథరావు తన చేత్తోనే కడిగాడు. ప్రయోగశాలలో గిన్నెలూ సీసాలూ కడగడానికి మనుషులున్నారు. జలశాలకు పెద్దవాడై ఉండి, చొక్కా చేతులు పైకి మడిచి సింకు దగ్గర నిలబడాల్సిన ఖర్మ అతనికి లేదు. కానీ ఆ పని ఇంకొకరికి చెప్పడానికి నోరు రాలేదు. మరిగిన నీళ్లు పోసి తిప్పాడు, సోడా వేసి తోమాడు, మళ్లీ మరిగిన నీళ్లు పోశాడు. అడుగున ఏ చిన్న జీవమూ మిగలకూడదని కొత్త చట్టం చెబుతోంది. ఆరాక మూతకు గుడ్డ కట్టి, అక్యాబు వెళ్లే చివరి పడవకు పట్టుకెళ్లి ఇచ్చాడు. రేవులో అధికారి "ఇందులో ఏముందండీ?" అని అడిగాడు.

"ఏమీ లేదు. ఖాళీ" అన్నాడు త్రినాథరావు.

సాయంత్రం ఇంటికి రాగానే సత్యవేణి మంచినీళ్ల గ్లాసు అందించింది.

"జాడీ వెళ్లిందా అండీ?"

"వెళ్లింది."

"ఖాళీగా పంపలేదు కదా?"

"ఎందుకు పంపుతాను?" అని గ్లాసు ఎత్తి గటగటా తాగాడు. గ్లాసు అడ్డం ఉంటే మొహం కనబడదు కదా. ఆవిడ నమ్మింది. ముప్ఫై ఏళ్లుగా తనతో అబద్ధం ఆడని మనిషి మాటను ఎవరైనా నమ్ముతారు.

ఇది మనకు తెలిసిన బందరు కథ కాదు, ఇంకో బందరు కథ. ఆ చరిత్రలో తెల్లవాళ్లు మూటాముల్లె సర్దుకుని పోయేటప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలు ఎవరిలోనూ కలవలేదు. ఇచ్ఛాపురం నుంచి ఒంగోలు దాకా, సముద్రానికి కుట్టిన చీర అంచులా సన్నగా, సర్కారు దేశమని ఒకటి మిగిలిపోయింది. దానికి రాజధాని బందరు. రాజధాని అయ్యాక బందరువాళ్లను పట్టడం ఎవరి తరమూ కాలేదనుకోండి, అది వేరే సంగతి. అంత చిన్న దేశం ఒంటరిగా బతకలేదు గనక నీళ్లకు అవతల ఉన్న అరకాను, బర్మా, మలయా, సింహళాలతో కలిసి తీరకూటమి పెట్టుకుంది. అయిదు తీరాలకూ కలిపి ఒకే సంత. బందరు లడ్డు పినాంగులో దొరికేది, బర్మా బియ్యం గుడివాడలో దొరికేది. చదువులకూ పెళ్లిళ్లకూ జనం అనుమతి కాగితం అడగకుండా పడవెక్కి పోయేవాళ్లు.

అలా అరకాను రేవు అక్యాబు నుంచి పడవెక్కి వచ్చిన పిల్లే ఖిన్ మే. త్రినాథరావు దగ్గర పరిశోధన చేయడానికి వచ్చి, వాళ్ల మేడమీద గదిలో దిగింది. వచ్చిన ఏడాదికే తెలుగు పట్టేసింది. అతన్ని అన్నయ్యా అనేది, సత్యవేణిని వదినా అనేది, పసిపిల్ల హైమను చంకనెత్తుకుని వీధంతా తిప్పేది.

అప్పట్లో తుపాను వచ్చి పోయిన ప్రతిసారీ తీరంలో బావులన్నీ ఉప్పగా మారేవి. ఆ ఉప్పు తినే జీవం ఏదైనా మడ అడవి బురదలో దొరుకుతుందేమోనని వాళ్లిద్దరూ వెతుకుతున్నారు. ఒకరోజు ఖిన్ ప్రయోగశాల నుంచి తెచ్చిన జిగురులాంటి పదార్థాన్ని ఒక చెంచాడు సత్యవేణి వంటింట్లో ఉప్పునీళ్ల కుండలో కలిపింది. పొద్దున్నే సత్యవేణి మూత తీసి "ఇదేం చోద్యం, నీళ్లకు మీగడ కట్టింది!" అని కేకేసింది. నిజంగానే తెల్లటి పొర. గరిటెతో ఆ పొర తీసి నాలుక మీద వేసుకుంటే ఉప్పు కషాయం. కింద నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లంత కమ్మగా ఉన్నాయి.

"ఇన్నేళ్లు చదివి చదివి మీరిద్దరూ చేసింది నీళ్లకు తోడుపెట్టడమన్నమాట" అంది సత్యవేణి. ఆ పేరే నిలిచింది. పెద్ద పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ, తీరం పొడుగునా అందరికీ అది నీటితోడు.

అయితే ఆ తోడుకు ఒక జబ్బుంది. ఏడాది తిరిగేసరికి మీగడ పలచబడిపోయేది. ఎంత కలిపినా బద్ధకంగా పడి ఉండేది. ఇద్దరూ తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఖిన్ తన అన్న పెళ్లికి అక్యాబు వెళ్లింది. వెళ్తూ చిన్న సీసాలో తోడు పట్టుకెళ్లింది. వాళ్లమ్మ కోసం సత్యవేణి తన ఆవకాయ జాడీ నిండా ఆవకాయ పెట్టి ఇస్తూ, "మా ఇళ్లల్లో గిన్నె ఇస్తే ఖాళీగా తిరిగివ్వరు ఖిన్నమ్మా. చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. జాడీ జాగ్రత్త" అని నవ్వింది. ఊరికే అన్న మాట. ఖిన్ దాన్ని మనసులో పెట్టుకుంది. అక్యాబులో తన ఊరి ఉప్పునీటి కయ్యలో కలిపిన తోడు పొంగులు వారుతుంటే, జాడీలో పెట్టడానికి ఇంకేం తోచక, దాన్నే జాడీ నిండా పోసి తెచ్చింది. ఆ జాడీ ఒంపగానే బందరు తొట్లన్నీ మళ్లీ మీగడ కట్టాయి.

కిటుకు అప్పుడు అర్థమైంది. ఎప్పుడూ ఒకే నీళ్లలో ఉంటే తోడు మొద్దుబారిపోతుంది. పరాయి నీళ్లలో పడితే మేలుకుంటుంది. అవతలి నీళ్లు సీసాల్లో తెచ్చుకుంటే లాభం లేదు. ఆ బురదా ఆ ఆటుపోట్లూ అన్నీ కావాలి, తోడు స్వయంగా అక్కడికి వెళ్లి రావాలి. అందుకని ఏటా వానలకు ముందు అయిదు తీరాల మధ్యా తోడు మార్చుకునేవాళ్లు. మిగిలిన తీరాలవాళ్లు స్టీలు డబ్బాలు వాడేవాళ్లు. బందరుకూ అక్యాబుకూ మధ్య మాత్రం సత్యవేణి జాడీయే తిరిగేది, ఎప్పుడూ నిండుగానే.

త్రినాథరావుకు మనసు చెడింది ఆ తర్వాత. కూటమి పెద్దలు పినాంగులో పెద్ద జలసంస్థ కట్టి, దానికి ఖిన్‌ను అధిపతిని చేశారు. తోడుకు ఆమె పేరు పెట్టారు. ప్రారంభోత్సవంలో త్రినాథరావుకు రెండో వరసలో కుర్చీ వేశారు. అతను చప్పట్లు కొట్టాడు, ఖిన్ తల నిమిరాడు, ఇంటికొచ్చి సత్యవేణి చేసిన పాయసం కూడా తిన్నాడు. లోపల మాత్రం భగభగ మండింది. నా దగ్గర చదువుకున్న పిల్ల, నా ప్రయోగశాల, నా వంటింటి కుండ! ఎవరితోనూ అనలేదు. అని ఉంటే కాస్త చల్లారేదేమో. ఖిన్ పదవీకాలం ముగించుకుని అక్యాబుకు తిరిగి వెళ్లిపోయాక కూడా ఆ మంట అలాగే ఉండిపోయింది.

కూటమి నుంచి విడిపోవాలా వద్దా అని సర్కారు దేశమంతటా ఓటు పెట్టింది అప్పుడే. విడిపోదామన్నవాళ్లలో అందరూ వెర్రివాళ్లు కాదు. బర్మా బియ్యం వచ్చిపడి ఇక్కడి వడ్లు కొనే నాథుడు లేడు. పినాంగు నుంచి వచ్చే పెద్ద ఓడలు మన చేపల్ని ఊడ్చుకుపోతున్నాయి. "మన రేవు మనకే" అని గోడలన్నీ రాశారు. హైమ అప్పటికి గిలకలదిండి పేటలో డాక్టరు. ఆసుపత్రి పని అయ్యాక ఇల్లిల్లూ తిరిగి కూటమిలోనే ఉందామని చెప్పేది. త్రినాథరావు ఉందామన్నవాళ్ల ఆకుపచ్చ రిబ్బను గుచ్చుకుని, కూతురి పక్కన నిలబడి సభల్లో మాట్లాడాడు. తోడు సంగతి చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు కూడా.

ఓటు వేసేచోట తెర వెనక అతను ఒక్కడే. ఉందాం గుర్తు పడవ, విడిపోదాం గుర్తు తాళం. ముద్ర చేతిలో ఉంది. ఎందుకో ఆ రెండో వరస కుర్చీ గుర్తొచ్చింది. ఎలాగూ ఉందామే గెలుస్తుంది, అందరూ అదే అంటున్నారు. కాస్త తేడా తగ్గితే పినాంగు పెద్దలకు బుద్ధి వస్తుంది. అంతే అనుకున్నాడు. గదిలో ఎవరూ చూడనప్పుడు గిట్టనివాళ్ల పిల్లను గిల్లినట్టు, తాళం మీద ముద్ర గుద్దాడు. బయటికి రాగానే హైమ వచ్చి చెయ్యి పట్టుకుని, సిరా వేలు పైకెత్తించి ఫొటో తీయించుకుంది.

తాళమే గెలిచింది, కొద్ది తేడాతో. తన ఒక్క ఓటు వల్ల గెలవలేదని లెక్కలు వచ్చినవాడికి తెలియదా. కానీ తనలాగే ఒక్క ఓటే కదా అనుకుని గుద్దినవాళ్లు ఎంతమంది ఉంటారో కూడా అతను ఊహించుకోగలడు. హైమ ఆ రోజు అన్నం తినకుండా నాన్న భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు. ఆ చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. విడిపోయే చట్టం అమల్లోకి రావడానికి ఇంకా వ్యవధి ఉండగానే అక్యాబు నుంచి ఎప్పటిలాగే జాడీ వచ్చింది, వెనకనే ఖిన్ ఫోను.

"అన్నయ్యా, తుపానుకు మా తొట్లన్నీ కొట్టుకుపోయాయి. మిగిలిన తోడంతా ఊడ్చి జాడీలో పెట్టి పంపాను. ఇక్కడే ఉంచుకుంటే ఎలాగూ మొద్దుబారి చస్తుంది. మా బురదలో మీ తోడు తప్ప ఇంకెవరిదీ పట్టదు, మీది వస్తేనే మాకు నీళ్లు. తొందరగా పంపు."

"అలాగేనమ్మా" అన్నాడు. పంపడానికి అప్పుడు ఏ చట్టమూ అడ్డం లేదు. కానీ అదే వారం మంత్రిగారి మనిషి వచ్చి, కొత్తగా పెట్టబోయే స్వదేశీ జలసంస్థకు మిమ్మల్నే డైరెక్టరుగా అనుకుంటున్నారు, మీకింకా కూటమివాళ్లతో రాకపోకలున్నాయని మాత్రం కొందరు అంటున్నారు అని చల్లగా చెప్పి వెళ్లాడు. త్రినాథరావు ఖిన్ పంపిన తోడును తన తొట్లలో ఒంపుకున్నాడు. జాడీని అలమార మీద పెట్టాడు. రేపు పంపుదాం, ఎల్లుండి పంపుదాం అనుకుంటూ చట్టం వచ్చేదాకా ఆగాడు. చట్టం వచ్చాక ఇంకేముంది, జీవమున్నదేదీ రేవు దాటకూడదని చేతులు కట్టేశారు. జాడీ కడిగింది అప్పుడు. ఖిన్ మళ్లీ ఫోను చేస్తే తీయలేదు. కొన్నాళ్లకు ఆ ఫోను లైన్లే తెగిపోయాయి, అతను లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నందుకు తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకున్నాడు.

అక్యాబు తోడు సత్తువతో బందరు నీళ్లు కొంతకాలం బాగానే ఉన్నాయి. "మన నీళ్లు, మన తోడు" అని రాసిన బోర్డు కింద మంత్రిగారు కమ్మటి నీళ్లు తాగుతూ ఫొటో దిగారు. పక్కన డైరెక్టరు త్రినాథరావు, ఈసారి మొదటి వరసలోనే. ఆ తర్వాత మీగడ పలచబడటం మొదలైంది.

అతను చేయని ప్రయత్నం లేదు. కాకినాడ నీళ్లలో పెట్టి చూశాడు, నిజాంపట్నం మడల్లో పెట్టి చూశాడు. తోడుకు అవన్నీ తన ఇంటి నీళ్లే, మేలుకోలేదు. వెచ్చబెట్టాడు, చల్లబెట్టాడు. పాలకు తోడు లేనప్పుడు ఎండుమిరపకాయ వేసినట్టు, ఏదో ఒకటి అందుకోకపోతుందా అని చేతికి దొరికిన ప్రతి బురదా కలిపాడు. పొద్దున్నే వచ్చి మూత తీస్తే కుండలో మనిషి మొహం కనబడేంత పలచటి పొర. ఒకప్పుడు గరిటె దిగబడేది.

ఇంట్లో అన్నాల దగ్గర హైమ ఆసుపత్రి కబుర్లు చెప్పేది. ఆ కబుర్లు రానురాను మారిపోయాయి.

"పేటలో కడుపుతో ఉన్నవాళ్ల కాళ్లు ఉబ్బి దిమ్మల్లా అవుతున్నాయి నాన్నా. రక్తపోటు చూస్తే నాకే భయమేస్తోంది. ఉప్పు తినొద్దంటే నవ్వుతున్నారు. కూరలో మానేస్తాం గానీ నీళ్లలో ఎలా మానేదమ్మా అంటున్నారు."

త్రినాథరావు అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"జాలరి నాంచారయ్యగారి కూతురు పైడమ్మకు నిన్న మూర్ఛ వచ్చింది. తల్లిని దక్కించుకున్నాం. బిడ్డ దక్కలేదు." హైమ విస్తరి పక్కకు జరిపింది. "నీ మీద నాకేం కోపం లేదు నాన్నా. నువ్వు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పావు. ఎవరు విన్నారు?"

సత్యవేణి అతని విస్తట్లో మజ్జిగ పోసింది. అతను లేచిపోయాడు. తిండి సహించడం లేదు, పని ఒత్తిడి అనుకున్నారు తల్లీ కూతుళ్లు. వాళ్లు జాలిపడేకొద్దీ అతనికి ఇంట్లో తలదాచుకునే మూల కరువైంది. తిట్టేవాళ్లుంటే ఎంత సుఖమో అతనికి అప్పుడు తెలిసింది.

కొక్కిలిగడ్డ నాంచారయ్య ఆ వారమే వచ్చాడు. పడవ ఇంజను చెడిపోయి, గాలికి కొట్టుకుపోయి, అరకాను నీళ్లలో దొరికిపోయినవాళ్లలో అతనొకడు. అక్యాబు జైల్లో ఉండి, ఖైదీల మార్పిడిలో విడుదలై, ఇంటికి వెళ్లి కూతుర్ని చూసుకుని, నేరుగా ఇక్కడికే వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన మూట. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లోపలికి రా నాంచారయ్యా. పైడమ్మ ఎలా ఉంది?" అంది సత్యవేణి.

"బతికుందమ్మా. మీ పాప సలవే." తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత త్రినాథరావు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "అయ్యగారూ, మీకు మొహం సూపియ్యలేకపోతన్నానండి. ఆయేళ మా పేటకొచ్చి, ఒద్దర్రా, నీళ్లు పోతాయిరా అని ఎంతో సెప్పేరు. మేం ఇన్లేదు. పేట పేటంతా తాళానికే గుద్దేం. మా పాపమే మా పిల్లకి తగిలింది. మీలాంటోళ్ల మాటినుంటే ఈపాటికి మనవణ్ణి ఎత్తుకునేవోణ్ణి."

ఆ జోడించిన చేతుల్ని చూడలేక త్రినాథరావు గోడ వైపు తిరిగాడు. గోడకున్న ఫొటోలో తన సిరా వేలు పైకి లేచి ఉంది. పక్కన హైమ నవ్వుతోంది.

నాంచారయ్య మూట విప్పాడు. జాడీ!

సత్యవేణి మొహం విప్పారింది. "ఖిన్నమ్మకు పంపిన జాడీ! ఇది నీకెలా వచ్చింది?"

"జైలుకొచ్చేదమ్మా ఆయమ్మ. మన మాట సక్కగా మాటాడుద్ది. ఎవరైనా బందరోళ్లున్నారా అని అడుగుతా వొచ్చింది. వొచ్చినప్పుడల్లా మాకు సేపలకూర తెచ్చేది. మమ్మల్నొదిలే రోజున ఇది సేతిలో పెట్టి, వదినకియ్యమంది."

త్రినాథరావు ఒక్క అంగలో ముందుకొచ్చి జాడీ అందుకున్నాడు. బరువుగానే ఉంది. అక్యాబులో తోడు ఎక్కడో కాస్త బతికి ఉంటుంది, ఖిన్ చేతిలో బతక్కుండా ఉంటుందా! ఇది తొట్లో ఒంపితే చాలు, రేపీపాటికి మీగడ. పేటకు నీళ్లు, పైడమ్మలాంటివాళ్లకు నీళ్లు. గబగబా గుడ్డ విప్పి మూత తీశాడు.

లోపల తాటాకులో చుట్టిన తాటిబెల్లం ఉంది.

"తోడు సచ్చిపోయిందంటండి" అన్నాడు నాంచారయ్య. "ఉంటే అదే పెట్టేదాన్ని, ఇంట్లో ఇదే ఉంది, జాడీ ఖాళీగా పంపకూడదంటగా అని సెప్పమంది. ఆళ్లకీ ఉప్పునీళ్లేనండి పాపం. జైల్లో మాకిచ్చిన నీళ్లే ఆయమ్మా తాగేది."

"కోపంగా ఏమైనా అందా?" త్రినాథరావు మూత పెడుతూ అడిగాడు.

"కోపమా? లేదండి. మీకు ఒంట్లో బాగుందా అని పదేపదే అడిగిందండి. అప్పుడు మీ కాణ్ణుంచి జాడీ ఖాళీగా వొచ్చేతలికి బెంగపడిపోయిందంట. ఆ ఇంట్లోంచి జాడీ ఖాళీగా రాదు, అన్నయ్యకేదో అయిపోయుంటాదని రోజుల తరబడి ఏడిసిందంట. మీరు కులాసాగున్నారని నేను సెప్పేకే నవ్విందండి."

నాంచారయ్య వెళ్లిపోయాడు. సత్యవేణి జాడీ వైపు చూడలేదు, మొగుడి వైపు చూసింది.

"ఖాళీగా పంపారా?"

అతను తల దించుకున్నాడు.

"చట్టం వచ్చేసింది, అందుకే కదా?" అంది, కొంచెం ఆశగా. అతనికి దాక్కోవడానికి ఆవిడే ఒక చోటు చూపిస్తోంది. అవునంటే అయిపోయేది.

"కాదు. పంపడానికి వ్యవధి ఉంది. చట్టం వచ్చేదాకా నేనే ఆగాను, డైరెక్టరు పదవి పోతుందని." ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. "ఓటు కూడా తాళానికే వేశాను సత్యా. ఖిన్ మీద కుళ్లుతో. ఓడిపోతుందిలే అనుకుని వేశాను."

సత్యవేణి అరిచినా బాగుండేది. తాటిబెల్లం తీసి డబ్బాలో సర్దింది. జాడీని చన్నీళ్లతో తొలిచి, పొడి గుడ్డతో తుడిచి, తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇన్నాళ్లూ మీరు అన్నం తినడం లేదని దేవుడికి మొక్కుకున్నాను" అంది. "దీన్ని ఖాళీగా మాత్రం నా కళ్ల ముందు ఉంచకండి."

అతను జాడీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడో ఖిన్ జాడీ నిండా తెచ్చిన పొంగు గుర్తొచ్చింది. తోడు పరాయి నీళ్లలో మేలుకుంటుంది. అక్యాబు తోడుకు బందరు నీళ్లు ఎంత పరాయివో, బందరు తోడుకు అక్యాబు నీళ్లూ అంతే. ఇక్కడ చావడానికి సిద్ధంగా ఉన్నది అక్కడ మళ్లీ పొంగుతుంది. అది తిరిగొస్తే ఇక్కడా పొంగుతుంది. ఈ మాట తనకు తెలియక కాదు. అక్కణ్ణుంచి తెచ్చుకోవడం గురించే ఇన్నాళ్లూ ఆలోచించాడు, ఇవ్వడం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇంత నీరసించిన తోడు కాస్త పంపితే అక్కడ అందుకోదు, ఉన్నదంతా వెళ్లాలి. వెళ్లాక ఖిన్ తిరిగి పంపకపోతే? పంపనివ్వకపోతే? బందరులో చెంచాడు కూడా మిగలదు. ఆ తుపానప్పుడు ఖిన్ కూడా ఇలాగే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు, ఊడ్చి పంపేసింది.

మర్నాడు పట్టపగలు, అందరూ చూస్తుండగానే, అతను చొక్కా చేతులు మడిచి సంస్థలో తోడు విత్తనం దాచే తొట్టి దగ్గరికెళ్లాడు. గరిటెతో గీకి, అడుగు కనపడేదాకా తీసి జాడీలో నింపి, మూతకు కట్టిన గుడ్డ మీద ఖిన్ పేరు రాశాడు. ఏం చేస్తున్నారని అడిగినవాళ్లకు, డైరెక్టరు పని అన్నాడు. ఖైదీల మార్పిడి కింద మన జైల్లో ఉన్న అరకాను జాలర్లను ఆ మధ్యాహ్నమే పడవెక్కిస్తున్నారు. జాడీ పట్టుకుని రేవుకు బయల్దేరితే, గేటు దగ్గర సత్యవేణి గొడుగు వేసుకుని నిలబడి ఉంది. రమ్మని అతను చెప్పలేదు. ఇద్దరూ రేవు వైపు నడిచారు.

దారిపొడుగునా అతను ఒకటే అనుకున్నాడు. రేవులో అందరి ముందూ చెప్పేస్తాను. ఇది నిండు జాడీ, చట్టం తప్పుతున్నాను, రాసుకోండి, జైల్లో పెట్టండి అంటాను. ఆ మాట తలుచుకుంటేనే గుండె బరువు సగం దిగినట్టుంది.

రేవులో అదే అధికారి. డైరెక్టరుగారిని చూసి లేచి నిలబడ్డాడు.

"తమరు రావడమేంటండీ, కబురు చేస్తే మనిషిని పంపేవాణ్ణిగా? ఏంటండీ జాడీ? అప్పటిదేనా?"

"అదే" అంది సత్యవేణి. "అక్యాబులో మా ఆడపడుచుది. తిరిగి పంపిస్తున్నాం."

అధికారి కాగితం మీద కలం పెట్టాడు. "ఇందులో..."

త్రినాథరావు నోరు తెరిచాడు. నిండు జాడీ అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అప్పుడు పడవ వైపు చూశాడు. జాలర్లు వరసగా ఎక్కుతున్నారు. నిజం చెబితే తన బరువు దిగుతుంది, జాడీ మాత్రం ఇక్కడే దిగిపోతుంది. ఈ బల్ల మీదే మరిగిన నీళ్లు పోస్తారు. నిజం చెప్పుకుని హాయిగా పడుకునే యోగ్యత కూడా తను పోగొట్టుకున్నాడన్నమాట.

"ఏమీ లేదు" అన్నాడు. "ఖాళీ."

ఖాళీ జాడీ పంపి భార్యతో నిండుగా పంపానన్నాడు ఒకనాడు. ఇవాళ నిండు జాడీ పంపుతూ ఖాళీ అంటున్నాడు. అధికారి రాసుకుని, డైరెక్టరుగారి చేతిలోని జాడీ అందుకోమని ఒక జాలరికి సైగ చేశాడు. ఆ మనిషి బరువుకు ఒక్క క్షణం ముందుకు వంగి, ఆశ్చర్యంగా త్రినాథరావు మొహంలోకి చూశాడు. ఏమీ అనకుండా దాన్ని రెండు చేతులా గుండెకు ఆనించుకుని పడవెక్కాడు.

పడవ సముద్రపు మొగ దాటేదాకా ఇద్దరూ నిలబడ్డారు. సత్యవేణి గొడుగు మూసింది.

"ఇక హైమ దగ్గరికి వెళ్దాం పదండి" అంది. "ఈపాటికి ఆసుపత్రిలోనే ఉంటుంది."

"జాడీ సంగతి చెబుతావా?"

"జాడీ సంగతి నేను చెబుతాను. ఓటు సంగతి మీరు చెప్పండి."

ఆసుపత్రి వరండాలో ఆడవాళ్లు ఉబ్బిన కాళ్లు చాపుకుని బారుగా కూర్చున్నారు. డైరెక్టరుగారిని చూసి, లేవలేక లేవలేక లేచి దణ్ణం పెట్టబోయారు. లోపల్నుంచి హైమ తలెత్తి చూసి, "నాన్నా! నువ్వొచ్చావా?" అని సంతోషంగా ఎదురొచ్చింది.

"హైమా, కూర్చో" అన్నాడు త్రినాథరావు. "నీకొకటి చెప్పాలి."